తిప్పేస్వామి సారు రాసిన ఉత్తరం

నేను ఒక రబ్బరు స్టాంపును. అనంతపురం గడియార స్తంభం దగ్గర ఒక చిన్న అంగడిలో పుట్టాను. నా ఒంటి మీద ఎవరి పేరూ లేదు, 'శాఖాధిపతి, భూగర్భశాస్త్ర విభాగం' అని పదవి మాత్రమే ఉంది. అందుకే నలుగురు పెద్దమనుషుల చేతులు మారినా నా ఉద్యోగం ఊడలేదు. ఈ మనుషులున్నారే, కాగితంలో ఏముందో చదవరు, నేనున్నానా లేదా అని చూస్తారు. ఆ సంగతి తెలిసి నాకూ కాస్త పొగరే.

నాలుగో ఆయన తిప్పేస్వామి సారు. మంచాయనే, బద్ధకం జాస్తి. సిఫార్సు ఉత్తరం కావాలని ఏ విద్యార్థి వచ్చినా ఒకటే మాట: "నువ్వే రాసుకోని రామ్మా, నేను సైను చేస్తా."

చౌడేశ్వరీ అలాగే రాసుకొచ్చింది. బోరుబావుల మీద ఎమ్మెస్సీ చేసి, స్విట్జర్లాండులో జీతమిచ్చే పీహెచ్‌డీ సీటు కోసం ఏడాదిన్నరగా వెతుకుతున్న పిల్ల. రెండు యూనివర్సిటీలు సీటిస్తామన్నాయి, జీతం మాత్రం లేదన్నాయి. చివరికి ఒక్కచోట ఇంటర్వ్యూకి పిలిచారు.

"ఇది పోతే బీఈడీలో చేరిపోతా సార్. మా నాయిన ఇంగ ఆగేట్లు లేడు," అని ముందురోజే చెప్పింది.

నెట్టు సరిగ్గా వచ్చేది సారు గదిలోనే. కాబట్టి ఇంటర్వ్యూ అంతా నా ఎదుటే జరిగింది. సారు కెమెరాకి కనబడకుండా ఇవతల కూర్చున్నారు. అరగంట బాగానే గడిచింది. అప్పుడు తెర మీదున్న రెగులా అనే ప్రొఫెసరమ్మ కళ్లజోడు సవరించుకుని ఇంగ్లీషులో అడిగింది.

"'ఎండిన బోరు కూడా సమాచారమే' అని మీ దరఖాస్తులో రాశారు. మీ ప్రొఫెసర్ ఉత్తరంలోనూ అచ్చంగా అదే వాక్యం ఉంది. ఆ ఉత్తరం ఎవరు రాశారు?"

అయిపోయింది! సారు తన రొమ్ము మీద వేలు పెట్టుకుని, సారే రాశారని చెప్పమని గబగబా సైగలు చేశారు. అలా చెబితే అబద్ధం. కాదంటే సీటు పోతుంది, సారు పరువు ఆయన గదిలోనే పోతుంది. చౌడేశ్వరి సారు వైపు ఒకసారి చూసి, మళ్లీ కెమెరా వైపు తిరిగింది.

"నేనే రాశాను," అంది. "సార్ సంతకం పెట్టారు. మా దగ్గర అలాగే చేస్తారు. తప్పే."

నెట్టు పోతే బాగుండునని ఆశపడ్డాను. పోలేదు.

"అయితే ఆయన అసలు అభిప్రాయం ఏమిటో మాకు తెలియదన్నమాట," అందామె.

సారు ముఖం కందగడ్డయింది. కుర్చీ వెనక్కి తోసి లేచారు. తిడతారనుకుని ఆ పిల్ల ముడుచుకుపోయింది.

"జరుగుమ్మా కొంచెం," అని ఆయన కెమెరా ముందు కూర్చున్నారు. చెమట తుడుచుకుని ఇంగ్లీషులో మొదలుపెట్టారు.

"పోయినేడు నేను అచ్చేసిన భూగర్భజలాల లెక్క తప్పని ఈ అమ్మాయి పట్టుకుంది. ముప్పై ఊళ్లు తిరిగి బోర్లన్నీ మళ్లీ కొలిచి చూపించింది. నాకు కోపమొచ్చి నెలరోజులు పలకరించలేదు. తప్పు నాదే. ఉత్తరంలో నేను రాయాల్సింది ఇదీ."

"అదే రాసి పంపండి. ఇవాళే," అంది రెగులా.

సారు భోజనం కూడా మానేసి, ఒంటివేలితో టైపు చేశారు. ప్రింటు తీసి సంతకం పెట్టి, అలవాటు కొద్దీ నన్ను అందుకుని సిరాలో అద్దారు. ఏమనుకున్నారో ఏమో, పక్కన పెట్టేశారు. "చదువుమ్మా," అని కాగితం ఆమెకిచ్చారు. చదువుతూ చదువుతూ ఏడ్చేసింది పిచ్చిపిల్ల.

పన్నెండో రోజున నాలుగేళ్ల జీతంతో పిలుపొచ్చింది.

ఇప్పుడు అన్నీ కంప్యూటర్లోనే పోతున్నాయి, నేను సొరుగులో గుండుసూదుల మధ్య పడి ఉన్నాను. ఇన్నేళ్లలో ఎన్ని వందల ఉత్తరాల మీద పడ్డానో లెక్కలేదు. చౌడేశ్వరిని విమానం ఎక్కించిన ఆ ఒక్కదాని మీద మాత్రం నేను లేను. చాలా రోజులు కుళ్లుకున్నాను. నేను లేకపోబట్టే వాళ్లు దాన్ని చదివారు.