తాబేలుగుట్టను గీకిన కత్తి

నేను ఒక కత్తిని. పేరుకే కత్తిని, ఉల్లిపాయ కూడా కోయలేను. కట్టెకోత మిల్లులో విరిగిపోయిన రంపం ముక్కను కరీంనగర్‌లో ఒక కమ్మరి సాగగొట్టి, పల్చగా నూరి, టేకు పిడి బిగిస్తే పుట్టాను. నన్ను చేయించుకున్నది హమీద్ సార్, బడిలో డ్రాయింగ్ మాస్టారు. నాకున్న పనులు రెండే. నూనె రంగులు కలపడం, తప్పు పడిన రంగును బొమ్మ మీద నుంచి గీకేయడం. మొదటిది చెప్పుకోవడానికి బాగుంటుంది గాని, నా బతుకంతా రెండోదాంట్లోనే గడిచింది. మనుషులు తప్పును ఒప్పుకునే ముందు దాన్ని నాలుగు రోజులు ఇంటిల్లిపాదికీ చూపించి మెచ్చుకోమంటారు. ఆ తర్వాతే నన్ను వెతుకుతారు.

సార్‌కు చేతులు వణకడం మొదలైన ఏడాది ఓదెలు వచ్చాడు. ముప్పై ఏళ్ళు దుకాణాలకు బోర్డులు రాసిన పెయింటర్. ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయింది. యాభై ఎనిమిదేళ్ళ వయసులో, ఫోటో చూసి కొండలూ చెట్లూ ఆయిల్ రంగుల్లో వేయడం నేర్పమని గుమ్మంలో నిలబడ్డాడు.

కారణం వాళ్ళ అక్క కనకవ్వ. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని, తాబేలుగుట్ట కింద మేకలు కాస్తూ పెంచిందామె. ఇప్పుడామె కంటినరం ఎండిపోతోంది. పోయిన చూపు రాదు, మిగిలింది కూడా రెండేళ్ళకు మించి నిలవదని డాక్టరు చెప్పాడట. "ఒక్కపారి మన గుట్టను చూపియ్యి తమ్మీ" అని అడిగింది. చూపిద్దామంటే గుట్ట లేదు. గ్రానైటు కోసం మొత్తం కోసుకుపోయారు, అక్కడిప్పుడు నీళ్ళు నిండిన గుంత ఉంది. మిగిలింది ఒక్క ఫోటో. ఎవరిదో పెళ్ళిలో, రీలు చివర ఒకటి మిగిలితే ఫోటోగ్రాఫరు దాన్ని గుట్ట మీద నొక్కేసి చేతులు దులుపుకున్నాడు.

చూసి వేస్తూ నేర్చుకొమ్మని సార్ తన బొమ్మలూ, వాటితో పాటు నన్నూ ఓదెలు చేతిలో పెట్టాడు. మొదటి నెలల్లో నాకు ఊపిరాడలేదు. బోర్డుల అలవాటు కదా, కింది పూత ఆరకముందే పైపూత వేసేవాడు. రంగులన్నీ కలిసి బురదయ్యేవి. గీకాను. ఫోటోలో ఎలా ఉంటే అలా నీడలన్నిటికీ నల్లరంగు పూసేవాడు.

"నీడ నల్లగుంటదని ఎవలు చెప్పిండ్రు ఓదెలూ?" అని సార్ కసిరాడు. "నీడల ఏమున్నదో కెమెరాకు కనవడది. బయటికి పోయి నీ కండ్లతోని చూడు."

మళ్ళీ గీకాను. తర్వాత గుట్ట ఫోటో ముందు పెట్టుకుని ఎర్రటి సాయంత్రం వేశాడు. కనకవ్వ దాన్ని దగ్గరగా పెట్టుకుని చూసి నవ్వింది. "ఫోటో పాతదై ఎర్రవడ్డది పిచ్చోడా. గది పొద్దుగాలటి గుట్ట. మంచుల నీలం నీలం ఉంటుండె." ఆ సాయంత్రాన్ని కూడా గీకేశాను. చాలా అందమైన సాయంత్రం, పాపం.

ఏడాది తిరిగేసరికి చెయ్యి కుదిరింది. ఓదెలు ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు గుడ్డ బిగించి మూడు నెలలు వేశాడు. గుట్ట, మంచు, మోదుగుచెట్టు, మేకలు. హమీద్ సార్ చూసి కళ్ళు తుడుచుకున్నాడు. మర్నాడు అక్కను చెయ్యిపట్టి తెచ్చి బొమ్మ ముందు కూర్చోబెట్టాడు ఓదెలు.

ఆమె తల అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు వెతికింది. "మోదుగుచెట్టున్నది. మ్యాక చెవులున్నయి. గుట్టేది తమ్మీ?"

"నీ ముంగటనే ఉన్నది గదా అక్కా!"

ఆమెను వెనక్కి జరిపితే అంతా మసక అంది. ముందుకు జరిపితే మళ్ళీ ముక్కలే. ఆమెకు మిగిలిన చూపు నడిమధ్యన చేతిగాజంత మేర. అది అంతగా కుంచించుకుపోయిందని ఆమె ఎవరికీ చెప్పలేదు. ఏ బోర్డు ఎంత దూరానికి కనబడాలో లెక్కగట్టి బతికిన మనిషి, తన అక్క కంటికి ఎంత కనబడుతుందో అడగడం మరిచాడు. పెద్దగా వేస్తే బాగా కనబడుతుందనుకున్నాడు. నాకు అతని మీద కోపం రాలేదు. అంత దుఃఖం నేను ఎప్పుడూ చూడలేదు.

ఆ పూట అతను అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున్నే అక్క చేతి గాజు అడిగి తీసుకున్నాడు. చిన్న చెక్క మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీశాడు. ఆ గీత లోపలే గుట్టంతా పట్టాలి. కుంచెలన్నీ లావైపోయాయి, నా కొస ఒక్కటే పనికొచ్చింది. అక్కను పక్కన కూర్చోబెట్టుకుని, కలిపిన ప్రతి రంగునూ నా మీదే ఆమె కంటి ముందుకు తెచ్చేవాడు. "ఇది గాదు. ఇంకింత తెల్లగ... ఆఁ, గిది" అనేది. ఎనిమిదిసార్లు గీకించాడు. తొమ్మిదో రోజుకు గుట్ట లేచింది.

ఆరడానికి నెల పడుతుంది. ఆమె కళ్ళకు అంత గడువుందో లేదో ఎవరికి తెలుసు? పచ్చి రంగుతోనే చేతికిచ్చాడు. కనకవ్వ ఈసారి తల తిప్పలేదు. కదలకుండా చూసింది.

"మొత్తం ఉన్నది తమ్మీ" అంది. "గుట్ట మొత్తం ఉన్నది."

ఆ సంతోషంలో చెక్కను గట్టిగా పట్టుకుంది. బొటనవేలు గుట్ట పాదం మీద దిగబడి రంగు చెదిరింది. అలవాటుగా ఓదెలు చెయ్యి నా పిడి మీదికి వచ్చింది. అక్క ముఖం వైపు చూశాడు. నన్ను మెల్లగా కింద పెట్టేశాడు.

ఆ వానాకాలానికి కనకవ్వ చూపు పూర్తిగా పోయింది. హమీద్ సార్ కూడా పోయాడు. నేను ఓదెలు ఇంట్లో ఒక పాత డబ్బాలో తుప్పు పట్టి ఉన్నాను. ఎన్నో తప్పులు గీకాను, చాలావాటిని గీకినందుకు నాకు విచారం లేదు. ఆ వేలిముద్రను మాత్రం ఇప్పుడు ఎవరైనా గీకమన్నా నా వల్ల కాదు. అది ఆరిపోయింది.