ఎలక్ట్రానిక్స్ గడి నుంచి ఒక బాణం

నేను ఒక ప్లైవుడ్ బోర్డుని. ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. ఒక యూనివర్సిటీలో ఫిజిక్స్ డిపార్ట్‌మెంటు వరండాలో, హెడ్ గారి గది పక్కన వేలాడుతుంటాను. ఒక మేకు ఏనాడో వదులైపోయింది, తలుపు ఎవరు వేసినా ఒళ్లంతా అదురుతుంది. మనసూ అంతే. పదకొండేళ్లుగా ఒక్క పూట కుదురుగా ఉన్న పాపాన పోలేదు.

నా మీద డిగ్రీ కోర్సులన్నీ గడులు గడులుగా రాసి ఉంటాయి, మధ్యలో బాణాలు. మెకానిక్స్ గడి నుంచి క్వాంటమ్ గడికి బాణం ఉందంటే, మెకానిక్స్ పాసైతేనే క్వాంటమ్‌లో చేరనిస్తారన్నమాట. దాన్ని వీళ్లు ప్రీరిక్విజిట్ అంటారు. పిల్లలు నా ముందు నిలబడి వేలితో బాణాల వెంట వెళ్తారు, కొందరు మధ్యలో ఆగిపోయి గోళ్లు కొరుక్కుంటారు.

నన్ను రాసింది పెయింటర్ లతీఫ్. కాగితం మీదున్నది ఉన్నట్టు దించాడు, ఫిజిక్స్ గొడవ ఆయనకెందుకు? అంతా అయ్యాక నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ గడి ఒక్కటీ మూలన బోసిగా కనిపించింది. పాపం దీన్ని మర్చిపోయినట్టున్నారు అనుకుని, కుంచెలో మిగిలిన ఎర్ర రంగుతో దాన్నుంచి క్వాంటమ్ గడికి ఓ బాణం లాగేశాడు. అప్పటి హెడ్ గారు వచ్చి, తన పేరు పక్కన డిగ్రీలన్నీ పడ్డాయో లేదో చూసుకుని, బ్రహ్మాండంగా ఉందన్నారు.

భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్నా లెక్క కట్టి చూపించమనే మనుషులు వీళ్లు. నా బాణాన్ని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. పైగా ధనుంజయ అని ఒక గెస్ట్ లెక్చరర్ ఉన్నాడు. ఏటా మొదటి క్లాసులో, క్వాంటమ్‌కి ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ ఎందుకు తప్పనిసరో నలభై నిమిషాలు చెబుతాడు. ఎంత బాగా చెబుతాడంటే, వింటుంటే నాకే నమ్మబుద్ధవుతుంది.

ఈ ఏడు గౌరీశ్వరి వచ్చింది, మూడో ఏడాది పిల్ల. టైఫాయిడ్ వచ్చి ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ పరీక్ష పోయింది. ఆ ల్యాబ్ మళ్లీ డిసెంబరు దాటాకే, క్వాంటమ్ ఏమో ఏడాదికి ఒక్కసారి, ఇప్పుడే. ఇప్పుడు చేరకపోతే డిగ్రీకి నాలుగో ఏడు కావాలి. హాస్టల్లో సీటు మూడేళ్లకే ఇచ్చారు. ఆ తర్వాత ఇక్కడ తలదాచుకునే చోటు లేదు, వాళ్ల ఊరి నుంచి రోజూ వచ్చి పోయే దారీ లేదు. అంటే చదువు ఆగినట్టే.

రిజిస్ట్రేషన్ ఆఖరి రోజున ఆ పిల్ల రూల్స్ పుస్తకం పట్టుకొచ్చి, నా ముందే హెడ్ గారిని ఆపింది.

"సార్, ఈ ప్రీరిక్విజిట్ పుస్తకంలో ఎక్కడా లేదండి."

ఆయన పుస్తకం చూశారు, నన్ను చూశారు. "పుస్తకంలో అచ్చుతప్పు పడుంటుందమ్మా. బోర్డు పదకొండేళ్లుగా ఉంది" అని లోపలికి వెళ్లిపోయారు. నాకు తల కొట్టేసినట్టయింది. నోరుంటే ఆ క్షణాన అరిచి చెప్పేదాన్ని.

తనిఖీకి ఎవరో వస్తున్నారని, నాకు మెరుగులు దిద్దడానికి ఆ రోజే లతీఫ్‌ని పిలిపించారు. బల్ల వేసుకుంటూ, కళ్లు తుడుచుకుంటున్న గౌరిని చూశాడు.

"ఏంటి తల్లీ, ఏమైంది?"

"ఈ బాణం అంకుల్. దీని వల్ల నా చదువు పోతోంది."

లతీఫ్ కళ్లజోడు సర్దుకుని వంగి చూశాడు. "ఇదా? ఇది వాళ్లిచ్చిన కాగితంలో లేదమ్మా. గడి బోసిగా ఉందని నేనే గీశాను."

ఆమె ఆయన్ని హెడ్ గారి గదిలోకి లాక్కెళ్లినంత పని చేసింది. అంతా విని హెడ్ గారు తల పట్టుకున్నారు. "తీసెయ్యాలంటే కమిటీ కూర్చోవాలయ్యా. రెండు నెలలు పడుతుంది."

లతీఫ్ బయటికొచ్చాడు. గీయడానికి ఏ కమిటీ కూర్చుందనుకున్నాడో ఏమో, తెల్లరంగు డబ్బా తెరిచి రెండు పూతల్లో బాణాన్ని కప్పేశాడు. పదకొండేళ్ల దురద పోయినట్టు నా ప్రాణం లేచొచ్చింది.

నాలుగున్నరకి హెడ్ గారు బయటికొచ్చి నన్ను చాలాసేపు చూశారు. వేలితో తాకితే రంగు అంటుకుంది. రుమాలుతో తుడుచుకుని, "ఫారం ఇలా ఇవ్వమ్మా. బోర్డు మీద అడ్డేమీ లేదు" అని సంతకం పెట్టారు.

అప్పుడే క్లాసు ముగించుకుని ధనుంజయ వచ్చాడు. "ఇక్కడో బాణం ఉండాలే?"

లతీఫ్ నవ్వుతూ సంగతంతా చెప్పాడు. ధనుంజయ నవ్వలేదు.

"నేను ఈ బోర్డు చూసి వెనక్కి వెళ్లిన మొదటి బ్యాచ్‌వాణ్ణి. నాకూ ఆ ల్యాబే పోయింది. ఏడాది ఇంట్లో కూర్చున్నాను."

"తప్పయిపోయింది బాబూ" అన్నాడు లతీఫ్, కుంచె కింద పెట్టేసి.

"నువ్వేం చేశావులే. అడగాలని నాకే తోచలేదు."

ఆ నలభై నిమిషాల పాఠం ఏటా అంత పట్టుగా ఎందుకు చెబుతాడో నాకప్పుడు అర్థమైంది. పోయిన ఏడాదికి ఏదో ఒక కారణం ఉండాలి కదా. నాకు సిగ్గేసింది.

ఆయన వాచీ చూసుకున్నాడు. రిజిస్ట్రేషన్ కౌంటరు ఐదింటికి మూసేస్తారు, అది కింద, రెండు బ్లాకుల అవతల. పుస్తకాలు లతీఫ్ బల్ల మీద పడేసి, గౌరి చేతిలోని ఫారం అందుకుని "పద" అన్నాడు. ఇద్దరూ మెట్ల వైపు పరిగెత్తారు. ఫారం ఆ పిల్లదే. పరుగులో మాత్రం ఆయనే ముందున్నాడు.