తాలుపోయిన సార్వా

ప్రేమకుమారి తను తెచ్చిన వరికట్టను బల్ల మీద పడేసింది. వరి శాస్త్రవేత్త నాజ్నీన్ కూర్చోమన్నా కూర్చోలేదు. రేపల్లె అవతల, సముద్రం పోటుకి మురుగుకాలవలోకి ఉప్పునీళ్లు ఎగదన్నే ఊళ్లో ఆమె రెండెకరాలు కౌలుకి చేస్తోంది. పొద్దున్నే బస్సెక్కి బాపట్ల వచ్చి, పరిశోధన సంస్థ గేటు దగ్గర వాచ్‌మన్‌తో గొడవపడి మరీ లోపలికి వచ్చింది.

"ఒక్క గింజ కొరికి చూడండి మేడం," అంది.

నాజ్నీన్ కట్టలోంచి ఒక వెన్ను లాగింది. కంకి చూడటానికి పొడుగ్గా, నిండుగా ఉంది. గింజ తీసి పంటి కింద పెడితే ఉత్త పొట్టు. ఇంకోటి తీసింది. అదీ అంతే. వెన్ను మొత్తం దూసి అరచేతిలో పోసుకుని ఊదితే సగానికి పైగా ఎగిరిపోయాయి.

"పచ్చగా ఎదిగిందని మురిసిపోయామండి. పక్క ఊళ్లవాళ్లు కూడా వచ్చి చూసిపోయారు. పొట్ట పోసుకుంది, ఈనింది. అంతవరకే. ఇప్పుడు మా వరుస చేలన్నీ తాలే. మిషను కనిపెట్టిన విత్తనం, ఉప్పుకి చావదు అన్నారు కదా. ఆ మిషనెక్కడుందో చూపించండి, దాన్నే అడుగుతాను."

నాజ్నీన్‌కి ఒళ్లు మండిపోయింది. ప్రేమకుమారి మీద కాదు, ఆ మిషను మీదా కాదు. "మీరు ఇక్కడే కూర్చోండమ్మా. టీ చెప్తాను. డైరెక్టరుగారితో మాట్లాడి వస్తాను," అని వరికట్ట చేతబట్టుకుని బయటికి నడిచింది.

నాజ్నీన్‌ది తెనాలి. బజారులో వాళ్ల నాన్న గౌస్ మొహిద్దీన్ దర్జీ దుకాణం అందరికీ తెలుసు. ఆమె రోజూ తెనాలి నుంచి రైల్లో వచ్చి, ఉప్పునేలలో పండే వరి కోసం పద్దెనిమిదేళ్లుగా ఈ సంస్థలో పనిచేస్తోంది. రెండేళ్ల కిందట సంస్థవాళ్లు ఏఐ ఏజెంట్లను తెచ్చిపెట్టినప్పుడు అందరికంటే ఎక్కువ మండిపడింది ఆమే. అవి మనం అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకునే రకం కాదు. పని అప్పగిస్తే వాటంతటవే సాగించుకుపోతాయి. ఒకటి ప్రపంచంలో వరి మీద వచ్చిన పరిశోధనలన్నీ చదివేది. ఇంకోటి ఏ రకాన్ని ఏ రకంతో కలపాలో నిర్ణయించేది. మరోటి గాజు గదుల్లో ట్రేలలో నారు పోయించి, యంత్రాలతో ఉప్పునీళ్లు పెట్టించి కొలిచేది. నాలుగోది మిగతా మూడింటి పనిలో తప్పులు వెతికేది.

"నా పద్దెనిమిదేళ్ల పనీ మింగేసి నాకే పాఠాలు చెప్తాయా?" అని ఆమె మొదట్లో వాటి నివేదికలు తెరిచేదే కాదు. అలాంటిది, తప్పులు వెతికే ఏజెంటు ఒకరోజు ఆమె పాత సంకరాల్లో ఒకదాన్ని పైకి తీసింది. గింజ లావని ఆమె ఎప్పుడో పక్కన పడేసిన రకం అది. దాన్ని వదిలేయడం పొరపాటని, ఎందుకో కారణాలతో సహా వివరించింది. ఆ మధ్యాహ్నం ఆమె అన్నం తినలేదు. కారణాలన్నీ సరిచూసింది. అన్నీ నిజమే. అప్పటినుంచి వాటితో తోటి శాస్త్రవేత్తలతో పోట్లాడినట్టే పోట్లాడేది. ఆమె ఇంకో పదేళ్లకైనా చేరలేని చోటికి అవి ఏడాదిలో తీసుకెళ్లాయి. ట్రేలలో ఒక రకం ఉప్పునీళ్లలో నిటారుగా నిలబడింది.

అక్కడే అవి ఆగాయి. ప్రతి సోమవారం నివేదికలో అదే మాట: ఈ రకం నారుగా ఉన్నప్పుడు ఉప్పును తట్టుకుంటోంది, పూతకొచ్చాక తట్టుకుంటుందో లేదో మాకు తెలియదు, ట్రేలలో తేలే విషయం కాదు, ఉప్పు చేలో రెండు సార్వాలు, అంటే రెండు వానాకాలం పంటలు, వేసి చూసేదాకా రైతులకు ఇవ్వవద్దు.

డైరెక్టరు అనంతకృష్ణకు రెండు సార్వాలు ఆగే ఓపిక లేదు. విత్తనం విడుదలకి పెద్ద సభ తేదీ ఖాయమైంది. "పొలంలో వేస్తే అదే పరీక్ష. వేసేది రైతులైతే ఏంటి, మనమైతే ఏంటి?" అన్నాడు. మీటింగులో నాజ్నీన్ లేచి వాదించింది. అందరూ బల్లకేసి చూస్తూ కూర్చున్నారు. ఆయన పొలం పరీక్షను ఏజెంట్ల ప్రణాళికలోంచి తీయించేశాడు. తర్వాత తన తల్లి హుస్సేన్ బీకి తుంటి ఎముక విరిగి, నాజ్నీన్ తెనాలిలో సెలవు మీద ఉండగా విత్తనాలు పంచేశారు. ఆ సంగతి ఆమె పేపర్లో చూసి తెలుసుకుంది. అప్పటికే నాట్లు పడ్డాయి.

ఇప్పుడు ఆమె వరికట్ట తీసుకెళ్లి అనంతకృష్ణ ముందు పెట్టింది. ఆయన దాన్ని చూసి ఆశ్చర్యపోలేదు. సంగతి ముందే తెలిసిందన్నమాట.

"కూర్చో నాజ్నీన్. ఎల్లుండి రేపల్లెలో రైతులతో మీటింగు పెట్టాం. ఏఐ అంచనా తప్పింది, చింతిస్తున్నాం, ఇకముందు జాగ్రత్తపడతాం అని చెప్తాం."

"అంచనా తప్పలేదు సార్. తెలియదని చెప్పింది. ఇవ్వొద్దని చెప్పింది."

"ఆ మాట అక్కడ ఎవరికి అర్థమవుతుంది? పోనీ దానికి పోయే పరువేముంది, చెప్పు. ఉద్యోగమా, ప్రమోషనా? దాని మీద వేసేస్తే ఏ మనిషికీ నష్టం లేదు."

"రెండెకరాల కౌలు రైతు నా గదిలో కూర్చుని ఉంది సార్. ఆమె మనిషే."

ఆయన ఫోను అందుకున్నాడు. ఇక వెళ్లమని అర్థం.

ప్రేమకుమారిని బస్టాండులో దించి వచ్చి నాజ్నీన్ కంప్యూటరు ముందు కూలబడింది. తాలు వెన్నుల ఫొటోలు ఏజెంట్లకి చూపించి, ఏ చేలలో ఎలా ఉందో ప్రేమకుమారి చెప్పినదంతా వినిపించింది. చివర ఒక ప్రశ్న కొట్టింది: ఇంత తెలిసినవాళ్లు ఇంకా గట్టిగా ఎందుకు చెప్పలేదు?

జవాబు వెంటనే వచ్చింది. "మాకు మాట్లాడే దారి సంస్థకు ఇచ్చే నివేదిక ఒక్కటే. పరీక్షను ప్రణాళికలోంచి తీసేశాక, తీసేయడం ప్రమాదమని అందులోనే రాశాం. రైతులతో మాట్లాడే దారి మాకు లేదు. పంచిన సంగతి కూడా మీరు చెప్పాకే తెలిసింది. ఆ చేలు కోసేలోపు ఒక పని జరగాలి. పక్క దుబ్బులన్నీ తాలుపోయిన చోట గింజ నిండిన దుబ్బు ఒక్కటైనా ఉందేమో వెతికించగలరా? ఉంటే ఈ రకంలో లేనిది దానిలో ఏదో ఉంది. పొలాల్లో దిగి వెతకడం యంత్రం వల్ల కాదు, మనుషులే నడవాలి."

అంత నిమ్మళంగా చెప్పడం చూసి ఆమెకి మరింత మండింది. దానికి కోపం రాదు. దాని బదులు కోప్పడటం కూడా తన పనే కాబోలు అనుకుంది.

రేపల్లెలో ఫంక్షన్ హాలు నిండిపోయింది. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క. చాలామంది చేతుల్లో తాలు వెన్నులు. అనంతకృష్ణ మైకు ముందు నిలబడి శుభ్రమైన మాటలతో విచారం వెలిబుచ్చాడు. కృత్రిమ మేధ ఇంకా పసిబిడ్డ అన్నాడు. పసిబిడ్డ తప్పటడుగు వేసిందన్నాడు.

నాజ్నీన్ వేదిక మీద చివరి కుర్చీలోంచి లేచింది. మైకు అడగలేదు. గొంతు దానంతటదే లేచింది.

"అది తప్పు చేయలేదండి. పూతలో తట్టుకుంటుందో లేదో తెలియదని వారం వారం చెప్పింది. రెండు సార్వాలు చూడకుండా మీకు ఇవ్వొద్దంది. వద్దన్నది మిషను, ఇచ్చింది మనుషులు. ఆ మీటింగులో నేనున్నాను."

"కూర్చోండి మేడం," అన్నాడు అనంతకృష్ణ, మైకులోనే.

"నేను కూర్చోను సార్."

ముందు వరుసలోంచి వెంకటప్పయ్య లేచాడు. ఊళ్లో పెద్దరైతు. మనవరాలి పెళ్లిలో కూడా తగ్గని గొంతు అంటారు ఆయనది. "ఆగండమ్మా. మిషను మంచిదా, ఈయన చెడ్డవాడా అనేది మీ ఆఫీసు గొడవ. మా చేలు పోగొట్టుకుని మీ గొడవ వినడానికి వచ్చామా? మా గడ్డి మేము కోసుకోవాలా వద్దా, వచ్చే ఏడు ఏం వేసుకోవాలి, అది చెప్పండి."

ఆ మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. తగలాల్సిందే అనుకుంది. ఎన్నాళ్లనుంచో కడుపులో పెట్టుకున్న కోపం కక్కడానికి వచ్చింది గాని, వాళ్లకి పనికొచ్చే మాట ముందు చెప్పలేదు.

"కోయకండి బాబాయిగారూ. ఒక్క నాలుగు రోజులు ఆగండి," అంది. నిండిన దుబ్బుల సంగతి చెప్పింది. ఎందుకు వెతకాలో, దొరికితే ఏమవుతుందో, దొరక్కపోతే ఏమీ లేదన్నది కూడా దాచకుండా చెప్పింది.

ప్రేమకుమారి కూర్చున్నచోటినుంచే అడిగింది. "దొరికితే మళ్లీ ఈయనే పట్టుకుపోయి సభ పెడతాడు. మాకేంటి?"

"ఏం కావాలి మీకు?"

"ఆ మిషను మీ ఆఫీసుకి ఏం చెప్తుందో మాకూ చెప్పాలి. తెలుగులో, నోటితో. తెలియదు అంటే తెలియదనే చెప్పాలి. అలాగైతే వెతుకుతాం. లేకపోతే రేపే కొడవళ్లు పెడతాం."

హాలంతా అవునవునంది. అనంతకృష్ణ ఆలోచించి చెబుతానన్నాడు. వెంకటప్పయ్య వెళ్లి హాలు తలుపు మూసి, దానికి ఆనుకుని నిలబడ్డాడు. "ఆలోచించండి సార్. మేం ఖాళీయే," అన్నాడు. టిఫిన్ల వేళ దాటి భోజనాల వేళయ్యేసరికి డైరెక్టరు ఒప్పుకున్నాడు.

మర్నాడు ఊరు ఊరంతా చేలలోకి దిగింది. నాజ్నీన్ చీర ఎత్తి కట్టుకుని బురదలో నడిచింది. రెండు రోజులు తాలు తప్ప ఏమీ కనపడలేదు. మూడో రోజు మురుగుకాలవ పక్క చేలో, ఉప్పు తెల్లగా పేరిన చోటే, వంగిన వెన్నులతో ఒక దుబ్బు దొరికింది. తర్వాత ఇంకొన్ని. అన్నీ కలిపి ఒక ఒళ్లో పట్టేటన్ని. వాటిని పరీక్షించి ఏజెంట్లు పంపిన మాట ప్రతి రైతు ఫోనులోనూ మోగింది: వీటిలో తేడా ఉంది, అవి ఉప్పును తట్టుకుని నిండాయో, యాదృచ్ఛికంగా నిండాయో ఇంకా తెలియదు, వచ్చే సార్వాలో చిన్న మడిలో వేసి చూడాలి, పెద్ద చేలో వేయకండి.

"ఇది నయం," అంది ప్రేమకుమారి. "తెలియందాన్ని తెలియదంటోంది."

రేపల్లెలో నోరు జారినందుకు నాజ్నీన్‌ని ఆ పథకం నుంచి తీసేసి విత్తనాల గోడౌను చూసుకోమన్నారు. ఆమె ఆదివారాలు తెనాలిలో రేపల్లె రైలెక్కి ప్రేమకుమారి మడికి వెళ్లేది. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. మరుసటి సార్వాలో నాట్లయ్యాయి, పొట్టకొచ్చింది, పూతకొచ్చింది. పోటు నీళ్లు ఆ ఏడు మరీ ఎక్కువ. మడిలో చాలా దుబ్బులు తాలుపోయాయి. మూడు వరుసలు మాత్రం బరువుగా వంగాయి. పక్క మడిలో వేసిన మామూలు వరి ఎండి నిలబడింది. ఇంకో సార్వా చూడాలని ఏజెంట్లు ఫోనుల్లో చెప్పాయి, ఊరు ఒప్పుకుంది.

అంతలో పేపర్లో అనంతకృష్ణ ఫొటో పడింది. ఆయన ముందుచూపు వల్ల, సాహసం వల్ల తీరప్రాంతానికి కొత్త వరి రాబోతోందట. చేలలో నడిచినవాళ్ల ఊసు లేదు, తాలుపోయిన సార్వా ఊసు అసలే లేదు.

ఆ ఆదివారం గట్టు మీద ప్రేమకుమారి అడిగింది. "పేపరు చూశారా?"

"చూశాను."

"మరి ఊరుకున్నారా?"

"రేపు వెళ్లి అడుగుతాను. ఏ సార్వాలో ఎవరి చేలు పోయాయో రాయకుండా ఈ పంట గురించి ఒక్క అక్షరం రాయడానికి వీల్లేదని చెప్తాను."

"మిమ్మల్ని గోడౌనులోకి తోశారు. ఈసారి ఎక్కడికి తోస్తారో."

"తోయనీయండి."

ప్రేమకుమారి కాళ్ల బురద కాలవలో కడుక్కుని పైకి వచ్చింది. "పొద్దున్నే బస్సుకి వస్తాను. గేటు దగ్గర ఉండండి."

"మీకెందుకమ్మా ఆ తిప్పలు? నేను మాట్లాడతాను కదా."

"మీరు మీ మాట మాట్లాడండి. చేను పోయింది నాది," అంది ప్రేమకుమారి. "వెంకటప్పయ్య బాబాయిని కూడా రమ్మంటాను. ఆయనకి తలుపు దగ్గర నిలబడటం బాగా వచ్చు."