తూము మీద తువ్వాలు

అబ్దుల్ హమీద్ అప్పటికే రెండో బస్తా సున్నం డ్రమ్ములో పోసి, పొడుగాటి వెదురు గెడతో తిప్పుతున్నాడు. కనుబొమల నుంచి బూట్ల దాకా తెల్లబడిపోయాడు. ఎంత కొబ్బరినూనె రాసినా అరచేతుల బీటలు మానవు. "లోకమంతా తమలపాకుకి సున్నం రాస్తే, మా ఆయన కాలవకి రాస్తాడమ్మా!" అని భార్య సుగ్రాబీ ఇరుగుపొరుగుతో చెప్పి నవ్వేది.

అందులో అబద్ధమేం లేదు. తిరువూరు శివార్లలోని ఆ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పళ్లూ యంత్రాలూ కడిగిన నీళ్లన్నీ అతని డ్రమ్ము పక్కనున్న తొట్టిలోకే వస్తాయి. పులుపంటే మామూలు పులుపా! అలాగే వదిలితే వాగులో చేప మిగలదు. సున్నం నీళ్లతో పులుపు విరిచాక, పరీక్ష కాగితం ముంచితే ఆకుపచ్చకు తిరగాలి. తిరిగాకే హమీద్ తూము ఎత్తి, నీళ్లు కాలవలోకి వదిలి, తన తువ్వాలు తూము చక్రానికి కడతాడు. కాలవ గట్టున గేదెల్ని మేపుకునే రావమ్మకు అదే గుర్తు. తువ్వాలుంటే నీళ్లు తాగించొచ్చు. సాయంత్రం తూము దించి, తువ్వాలు విప్పుకుని ఇంటికి పోతాడు. ఈ ఒప్పందం వాళ్లిద్దరిదే; చూసి చూసి గట్టున మిగతా కాపరులూ దాన్నే నమ్ముతారు, ఫ్యాక్టరీలో మాత్రం ఎవరికీ తెలియదు.

ఆ రోజు ఎండ మండిపోతోంది. తొట్టి అంచుదాకా నిండింది. సూపర్‌వైజర్ శశాంక్ కంగారుగా వచ్చాడు.

"హమీద్ గారూ, లోపల పని ఆగిపోయేలా ఉంది. ఎత్తెయ్యండి."

"కాగితం ఇంకా పసుపే సార్. కాసేపాగండి."

"ఒక్క పూటకి ఏమవుద్దండీ?"

"రావమ్మ గేదె చూడిది సార్. దానికి ఆ పూటా ఈ పూటా తెలీదు."

శశాంక్ నవ్వేసి, లోపల కడుగుడు ఆపించడానికి వెళ్లాడు. మంచివాడే, పాపం.

హమీద్ మళ్లీ గెడ పట్టాడు. ఎడమ భుజం లాగుతోంది. బస్తాలు మోసినందుకేలే అనుకున్నాడు. కాగితం ఆకుపచ్చకు తిరిగేసరికి ప్రాణం లేచొచ్చింది. తూమెత్తి తువ్వాలు కట్టాడు.

గట్టు మీంచి రావమ్మ కేకేసింది. "హమీదన్నా, తోలమంటావా?"

"తోలు చెల్లెమ్మా!"

చూడిగేదె మెడ వంచి తాగుతుంటే చూస్తూ నిలబడ్డాడు. ఎంత హాయిగా అనిపించిందో!

సాయంత్రం రావమ్మ గేదెల్ని తోలుకుపోయాక తూము దించాడు. తువ్వాలు విప్పబోయి, ఆయాసం తీరాక విప్పుదాంలే అని గోడకు జారబడ్డాడు. మళ్లీ లేవలేదు.

అతన్ని ఇంటికి మోసుకెళ్లాక, రాత్రి షిఫ్టువాళ్లు తొట్టి నిండిందని తూమెత్తేశారు. సున్నం సంగతి ఎవరికి పట్టింది?

పొద్దున్నే రావమ్మ వచ్చేసరికి కాలవ పారుతోంది. తువ్వాలుంది. గేదె ఆత్రంగా దిగబోయింది. రావమ్మ పలుపు గట్టిగా లాగి పట్టింది.

"ఆగవే! ఇంత పొద్దున్నే తువ్వాలేంటి? అన్న రాత్రి దీన్ని వదిలిపోడే!"

ఫ్యాక్టరీ గేటు దాకా వెళ్లి అడిగితే, వాచ్‌మన్ యోసేపు తలొంచుకుని చెప్పాడు. "నిన్న సాయంత్రమే పోయాడమ్మా. తూము దగ్గరే."

రావమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. తర్వాత, దాన్ని చూసి ఇంకెవరూ గొడ్లను తోలకుండా, తూము దగ్గరికెళ్లి తువ్వాలు విప్పింది. సున్నం పట్టి బిగిసిన ఆ గుడ్డ, విప్పినా ముడివేసినట్టే ఉంది.