మామకు దక్కని తిట్టు

పదవి దిగిపోయాక మా మామ ఏం చేస్తాడని దేశమంతా ఆరా తీసింది. ఆత్మకథ రాస్తాడని ఒక పేపరు, విదేశాల్లో ఉపన్యాసాలిస్తాడని ఇంకో పేపరు రాసుకున్నాయి. టీవీ వాళ్ళయితే ఏకంగా హిమాలయాలకే పంపేశారు. మామ మాత్రం తిరుపతిలో, గంగమ్మ గుడి దగ్గరి మా వీధిలో, మా ఇంటి ముందర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఎవరైనా వచ్చి తనను తిడతారేమోనని ఎదురు చూస్తూ కూర్చున్నాడు.

మునిరామయ్య అంటే ఈ దేశానికి ప్రధానమంత్రిగా చేసిన మనిషి. మా అమ్మకు తమ్ముడు. పుట్టిందీ పెరిగిందీ ఈ వీధిలోనే. ఢిల్లీ బంగళా ఖాళీ చేసి మా ఇంట్లో దిగిన రోజే నాతో అన్నాడు. "గీతా, ఇంక ఈడనే ఉండిపోవల్లని ఉండాదమ్మా. ఆడ నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవురూ లేరు. జాతరలో ఒక్క తిట్టు పడిందనుకో, నేను మళ్ళా ఈ వీధోన్నే. పడకపోతే మూటా ముల్లె సర్దుకుని పోతాను."

బయటి ఊళ్ళ వాళ్ళకు ఇది పిచ్చిమాటలా ఉంటుంది. మా గంగమ్మ జాతరలో బండవేషం రోజని ఒకటుంది. మొక్కుకున్న మగవాళ్ళు ఒంటినిండా కుంకుమ పూసుకుని, వేపమండలు పట్టుకుని, వీధులన్నీ తిరుగుతూ కనబడిన వాళ్ళనల్లా బండబూతులు తిడతారు. డాక్టరనీ లేదు, జడ్జీ అనీ లేదు. తిట్టు పడితే మంచి జరుగుతుందని మా నమ్మకం. అందుకే తిట్టిన వాళ్ళకు పోయడానికి అంబలి చెంబులు పట్టుకుని మరీ వాకిళ్ళలో నిలబడతాం. ఎవరినైనా తిట్టకుండా దాటిపోయారంటే వాళ్ళు అమ్మ లెక్కలో లేనట్టే.

పొద్దున్నుంచీ వేషాలు వస్తూనే ఉన్నాయి. ఎదురింటి రిటైర్డు హెడ్మాస్టరును, ఆయన బట్టతలతో మొదలుపెట్టి వాళ్ళ తాత దాకా వదల్లేదు. పక్కింటి రాజశ్రీని తిట్టిన తిట్టుకు ఆమె నవ్వలేక కడుపు పట్టుకుంది. నన్నయితే నా సాంబారు దగ్గర పట్టుకున్నారు. ఆ మిగతాది ఇక్కడ రాయను.

మామ ముందుకు వచ్చేసరికి అందరి నోళ్ళూ పడిపోయాయి. "నమస్కారం సార్" అని వంగి వంగి దండాలు పెట్టారు. ఇద్దరు కుర్రాళ్ళు కుంకుమ చేతులతోనే సెల్ఫీ దిగిపోయారు.

"గన్‌మ్యాన్‌ను చూసి బెదురుతా ఉన్నట్టుండారు" అని మామ అతన్ని పెరట్లోకి పంపించాడు. తర్వాత వచ్చిన వాళ్ళూ దండమే పెట్టారు. తెల్ల చొక్కా వల్లేమోనని లోపలికి పోయి పాత బనియను వేసుకొచ్చాడు. దానికీ దండమే పెట్టారు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది.

"చిన్నబ్బ రానీ. వాడు వదల్డు నన్ను" అన్నాడు మామ.

చిన్నబ్బ గుడి ముందర పూలమాలలు కడతాడు. చిన్నప్పుడు ఇద్దరూ కలిసే బండవేషం కట్టేవాళ్ళట. అతని గురించి ఒక సంగతి మామ వచ్చినప్పటి నుంచీ చెబుదామనుకుంటూ చెప్పలేకపోయాను.

ఎండ ముదిరే వేళకు చిన్నబ్బ గొంతు వీధి మొదట్లో ఖంగుమంది. ఇంటింటినీ దులిపేస్తూ వస్తున్నాడు. మామ లేచి నిలబడి, తనే అంబలి చెంబు చేతిలోకి తీసుకున్నాడు. ఆ ముఖంలో అంత వెలుగు నేను ఆయన ప్రమాణ స్వీకారం నాడు కూడా చూడలేదు.

మా వాకిట్లోకి రాగానే చిన్నబ్బ నోరు మూసుకున్నాడు. వేపమండ చంకలో పెట్టుకుని చేతులు జోడించాడు.

"బాగుండారా సార్?"

"సారేందిరా! నేను మునిరామున్ని. తిట్రా చిన్నబ్బా. తిట్లన్నీ అయిపోయినాయా?"

"తమర్ని తిట్టకూడదు సార్. ఆ పొద్దు చెప్పినారు గదా."

"ఏ పొద్దు?"

"తమరు ప్రధానిగా ఉన్నప్పుడు, జాతర దినం ఈ దావన కారులో పోయినారే, ఆ పొద్దు. తెల్లారకముందే పోలీసులొచ్చి వేషాలోళ్ళనంతా వ్యాన్లలోకి ఎక్కించినారు. సారు చెవిన బూతు పడకూడదంట. యాడనో షెడ్డులో పెట్టి, పైపుతో నీళ్ళు కొట్టి కుంకమంతా కడిగేసినారు. గుడికి పోయి అమ్మకు మొక్కినాక దించాల్సిన వేషం సార్ అది. మా నాయన కాలం నుంచి ఒక్క ఏడు గూడా తప్పలేదు. ఆ ఏడు తప్పింది."

కోపం లేదు ఆ గొంతులో. ఎవరో పెద్ద ఆఫీసరుకు విన్నవించుకున్నట్టు చెప్పాడు. మామ నా వైపు తిరిగాడు. నేను తల వంచుకున్నాను.

"తమరికి తెలీదేమో లే సార్. కిందోళ్ళు చేసుంటారు" అన్నాడు చిన్నబ్బ.

ఆ మాటను చెయ్యి అందించినట్టే అందించాడు. మామ "నాకు తెలీదురా" అంటే చాలు. ఆ ఒక్క మాటకోసమే చిన్నబ్బ కాచుకుని ఉన్నాడు. అది వినబడితే నోటినిండా తిట్టేసి, అంబలి తాగేసి, మామను తిరిగి వీధిలో కలిపేసుకునేవాడు. ఎన్ని ప్రెస్‌మీట్లలో ఆ మాటను మామ అలవోకగా అనేశాడో నేను టీవీలో చూశాను. అనెయ్ మామా అని లోపల్లోపల మొక్కుకున్నాను కూడా.

మామ చెంబు కింద పెట్టాడు.

"తెలుసురా. వీధిలో వేషాల్లేవేమని అడిగినా. అంతా క్లియర్ చేసేసినాం సార్ అన్నాడు ఆఫీసరు. జాతర దినం ఈ వీధి ఊరికే ఖాళీగా ఉంటాదా? ఏం చేసుంటారో నాకు అర్థమైపోయింది. అర్థమయ్యే, మంచిపని చేసినారని అన్నా."

"ఎందుకు సార్?"

"పక్కన వేరే దేశం పెద్దమనిషి కూర్చోనుండాడు. ఆయన ముందర మీరు ఆ రంగులూ, ఆ బూతులూ... నాకు సిగ్గేసిందిరా."

చిన్నబ్బ మామ ముఖంలోకి చూశాడు. కనుబొమల మీది కుంకుమ చెమటకు కరిగి కళ్ళలోకి దిగుతున్నా తుడుచుకోలేదు.

"మమ్మల్ని చూసి సిగ్గుపడినావా రా, మునిరామా?"

ఢిల్లీ నుంచి ఇంత దూరం మామ ఆ పిలుపు కోసమే వచ్చాడు. అది విని తల ఎత్తలేకపోయాడు.

చిన్నబ్బ చెంబు ముట్టుకోలేదు. పక్కింటి ముందరికి పోయి నిలబడ్డాడు. రాజశ్రీ వాళ్ళ ముసలాయన తిట్టించుకోవడానికి నవ్వుతూ ఎదురొచ్చాడు. చిన్నబ్బ నోరు తెరిచాడు గానీ మాట రాలేదు.

"ఏమబ్బా, నన్ను తిట్టవా?" అని అడిగాడు ముసలాయన.

చిన్నబ్బ తల అడ్డంగా ఊపి గుడి వైపు నడిచాడు. వెనక వస్తున్న వేషాలు కూడా నోరెత్తకుండా అతని వెంటే పోయాయి. వాకిళ్ళలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే చెంబులు తీసుకుని లోపలికి పోయారు.

"లోపలికి రా మామా, ఎండగా ఉండాది" అన్నాను.

మామ కదల్లేదు. జాతర రోజు, మిట్టమధ్యాహ్నం, ఖాళీ అయిపోయిన మా వీధిని చూస్తూ నిలబడ్డాడు.

"ఆ పొద్దు కారులోంచి ఇట్లనే ఉండింది, గీతా" అన్నాడు.