తొంభై ఎనిమిది శాతం తృప్తి

మంత్రి గోవిందరాజులుగారి ఉపన్యాసాలు రాసేది నేనే. "సామాజిక న్యాయం మా ఊపిరి, జవాబుదారీతనం మా వెన్నెముక" అన్నదీ నాదే. ఊపిరీ వెన్నెముకా రెండూ ఆయనకు నేనే సరఫరా చేయాల్సి వచ్చింది.

ఆ మధ్య ఆయన పాలనలో పేదలకు న్యాయం జరగలేదని ప్రతిపక్షం గొడవ మొదలుపెట్టింది. మంత్రిగారి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. అర్జీ పెట్టుకున్న ప్రతి మనిషికీ కాల్ సెంటర్ నుంచి ఫోన్ వెళ్తుంది. పని అయిందా, తృప్తేనా అని అడుగుతారు. మా జిల్లాలో నూటికి తొంభై ఎనిమిది మంది తృప్తే అన్నారు. ఇంత తృప్తి ఇంకే జిల్లాలోనూ లేదు.

"ఏలూరు సభలో ఆ తొంభై ఎనిమిదిలో ఒకరిని స్టేజీ ఎక్కించండి హనుమంతరావుగారూ. ఎస్సీ మహిళ అయితే మరీ మంచిదండి," అన్నారాయన.

జాబితాలో రత్నమాణిక్యం పేరు దొరికింది. కొల్లేటి లంక ఊరు. సమాధుల దొడ్డికి వెళ్లే బాట మునిగిపోయింది, ఎత్తు చేయించమని అర్జీ. ఎదురుగా రెండే మాటలు: పరిష్కారమైంది, తృప్తి.

వెళ్లి చూస్తే అక్కడ బాటే లేదు. చేపల చెరువుల గట్ల మధ్య మొలలోతు నీళ్లు, వాటి మీద గుర్రపుడెక్క. సమాధులు అవతల ఉన్నాయి. ఆమె భర్త జీవరత్నం పోయి ఏడాది కావస్తోంది. ఎవరిదో పడవ అడిగి తీసుకెళ్లి పూడ్చారట. ఆ తర్వాత ఆమె సమాధి దగ్గరికి వెళ్లలేదు. అరవై దాటిన మనిషికి ఆ నీళ్లలో దిగాలంటే భయం.

"మరి తృప్తని ఎందుకు చెప్పారమ్మా?" అన్నాను.

"ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా అడిగిందండి. భోజనం చేశారా అండీ అని కూడా అడిగింది. అంత బాగా మాట్లాడే పిల్లతో, లేదని ఎలాగంటామండి?"

గతుక్కుమన్నాను. ఇదన్నమాట మా తొంభై ఎనిమిది శాతం. పెళ్లిలో ఉప్పెక్కువైన పప్పు తిని కూడా "బ్రహ్మాండంగా ఉందండి" అంటూ విస్తరి ముందు నుంచి లేచే జనం మేం. అయినా ఆమెను కారెక్కించాను. సిగ్గుపడుతూనే ఎక్కించాను.

సభలో మంత్రిగారు మైకు ఆమె ముందు పెట్టారు. "తృప్తేనా అమ్మా?"

"తృప్తేనండి."

చప్పట్లు మోగాయి. ఆయన మైకు వెనక్కి తీసుకోబోతే ఆమె పట్టుకుని వదల్లేదు. "శనివారం మా ఆయన జ్ఞాపకార్థ కూడికండి. సమాధి దగ్గరే ప్రార్థన. తమరు రావాలండి. ఇంతమందిలో పిలుస్తున్నాను, కాదనకండి."

మంత్రిగారిదీ మా జిల్లానే. ఇంతమందిలో కాదనడం ఆయనకూ చేతకాదు. "తప్పకుండా వస్తానమ్మా," అన్నారు.

అప్పుడు కదిలింది ప్రభుత్వం. చింతలపూడి వైపు నుంచి గ్రావెల్ టిప్పర్లు దిగాయి. కారు ఆగే చోటి నుంచి కొలిచి డెబ్బై అడుగులు పోశారు, ఫొటోలో సమాధులు కనిపించేంత వరకు. మిగతాదంతా నీళ్లే.

శనివారం మంత్రిగారు గ్రావెల్ చివర నిలబడి, దండ పట్టుకుని, అవతలి ఒడ్డుకు నమస్కారం పెట్టారు. పాస్టరుగారు కూడా గ్రావెల్ మీదే ప్రార్థన ముగించారు. బాట పూర్తయిందని ఒక అధికారి అక్కడికక్కడే ఫోన్‌లో ఎక్కించాడు. పావుగంటలో రత్నమాణిక్యం ఫోన్ మోగింది. అదే కాల్ సెంటర్ అమ్మాయి.

"మీ బాట పని పూర్తయిందండి. తృప్తేనా అండీ?"

"భోంచేశావా తల్లీ?" అని ముందు అడిగింది ఆమె. తర్వాత ఫోన్ మంత్రిగారి చేతికిచ్చింది. "నా నోటికి ఇంక రావట్లేదండి. తమరే చెప్పండి బాబుగారూ."

మంత్రిగారు నీళ్లకేసి చూశారు, కెమెరాలకేసి చూశారు. "తృప్తేనమ్మా," అన్నారు మెత్తగా.

ఆమె ఆయన చేతిలోని దండ అడిగి తీసుకుంది. కుచ్చెళ్లు పైకి దోపుకుని నీళ్లలోకి దిగింది. ఒక చేత్తో గుర్రపుడెక్క తోసుకుంటూ, రెండో చేత్తో దండ పైకెత్తి పట్టుకుని నడుస్తోంది. నీళ్లు నడుం దాటాయి. నేను చెప్పులు విడిచి ప్యాంటు మడుచుకున్నాను.

"హనుమంతరావుగారూ, తాడేపల్లిగూడెం సభకు ఆలస్యమవుతోందండి. దయచేసి కారెక్కుతారా?" అన్నారు మంత్రిగారు.

ఎంతో మర్యాదగా అడిగారు. కాదనలేకపోయాను.