కత్తెరమ్మ గారి పాత ముక్కలు

ఆ బొమ్మల సినిమాల స్టూడియోలో సర్వరుకు నీరసం వచ్చి అయిదు రోజులైంది. సర్వరంటే బల్లమీద పెట్టుకునే పెట్టె కాదు, నాలుగు బీరువాలంత. రెండువందల నలభై డిస్కులు, వాటి నిండా తొమ్మిది కోట్ల ఫైళ్ళు. బొమ్మ ఒక్కసారి కనురెప్ప వాల్చాలంటే పన్నెండు చిత్రాలు కావాలి, ఒక్కో చిత్రమూ ఒక ఫైలు, కాబట్టి ఆ లెక్కకు ఎవరూ గుడ్లు తేలేయనక్కర్లేదు. వింతల్లా ఏమిటంటే, మొన్నటిదాకా చిటికెలో తెరుచుకున్న ఫోల్డరు ఇప్పుడు మనిషి వెళ్ళి కాఫీ తాగి, కప్పు కడుక్కుని తిరిగొచ్చినా తెరుచుకోవడం లేదు.

ఆ డిస్కుల మంచిచెడ్డలు చూసే ఆమెను అందరూ డిస్కులమ్మ అంటారు. సినిమాను కోసి అతికించే ఎడిటరుగారు కత్తెరమ్మ. ఇందులో తిరకాసేమిటంటే, కత్తెరమ్మ గారు డిస్కులమ్మకు సాక్షాత్తూ అత్తగారు. ఇంట్లో ఇద్దరికీ ఒకే వంటగది, ఇక్కడ ఇద్దరికీ ఒకే సర్వరు. ఈ రెండింటిలో దేని గురించి అడిగినా పళ్ళ డాక్టరైన డిస్కులమ్మ భర్తగారు గోడమీది పిల్లి.

ఆ రోజు పదింటికి డైరెక్టరుగారు అందరినీ పెద్ద హాల్లో నిలబెట్టారు.

"ఏమ్మా, సోమవారానికి సినిమా పంపాలి. దీని జబ్బేంటో తెలిసిందా లేదా?"

నలభై మంది డిస్కులమ్మ మొహం వైపు చూశారు. నెట్‌వర్కు బాగానే ఉంది. చచ్చిన డిస్కు ఒక్కటీ లేదు. తెలియదు అనడానికి నోరు రాక, నాలుకకు ఏది తగిలితే అది అనేసింది.

"పాత కట్లు చాలా ఉన్నాయండీ. అత్తయ్యగారివి, పదకొండేళ్ళవి. అవి కావచ్చు."

ఆ చివరి 'కావచ్చు' డైరెక్టరుగారి చెవి దాకా వెళ్ళనేలేదు.

"అయితే తీసేయండి. మూడింటిలోపు."

పాత కట్లంటే సినిమాలో చేరకుండా మిగిలిపోయిన ముక్కలు. కత్తెరమ్మ ఒక్కటీ పారేసే రకం కాదు. వాడని ముక్కలకు నకలెవరు తీస్తారు? కాబట్టి వాటికి మరో ప్రతి ఎక్కడా లేదు. ఆవిడ కళ్ళజోడు పైనుంచి కోడలిని ఓసారి చూసి, కలానికి మూత పెట్టి, తన గదికి వెళ్ళిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేది. తను అన్నది నిజమో కాదో మూడింటిలోపు తేల్చుకోవాలి, లేకపోతే తన నోటి తొందరకు అత్తగారి పదకొండేళ్ళు గంగలో కలుస్తాయి.

స్వెట్టరు తొడుక్కుని చల్లటి సర్వరు గదిలోకి వెళ్ళి కూర్చుంది. ముందు చిత్రాలు దాచే పెద్ద డిస్కులను చూసింది. అవి హాయిగా ఆవలిస్తున్నాయి! పనే లేదు వాటికి. మరి ఎవరికుంది? ప్రతి ఫైలు పేరూ, సైజూ, తేదీ రాసిపెట్టుకునే చిన్న డిస్కులు ఎనిమిదున్నాయి, పుస్తకానికి విషయసూచికలాంటివి. పాపం, వాటికి ఊపిరి సలపడం లేదు. అంటే ఇక్కడ చిత్రాలను చూసేవాడు లేడు, పేర్లు అడిగేవాడే ఉన్నాడు. సెకనుకు లక్షసార్లు అడుగుతున్నాడు.

మూల కూర్చుని ఎవరినీ పలకరించని పాత కట్లకు ఈ గొడవతో సంబంధమే లేదు. డిస్కులమ్మకు ఒళ్ళు పులకరించింది.

అడిగేది ఎవరని చూస్తే ఒకరు కాదు, నలభై కంప్యూటర్లూ సమానంగా అడుగుతున్నాయి. జన్మలో ఒక్క చిత్రం తెరవని రిసెప్షనిస్టుదీ అడుగుతోంది. నాలుగు రోజులుగా సెలవులో ఉన్న రంగులాయనదీ అడుగుతోంది! రంగులాయన ఊళ్ళోనే లేడు, ఆయన కంప్యూటరు మాత్రం ఒంటరిగా కూర్చుని తొమ్మిది కోట్ల పేర్లు జపిస్తోంది. ఆమెకు నవ్వాగలేదు. చల్లటి గదిలో ఒక్కతే నవ్వుకుంటూ, అడుగుతున్న ప్రోగ్రాం పేరేమిటా అని చూసింది.

నాడి.

నవ్వు ఠక్కున ఆగిపోయింది.

నాడి రాసింది తనే. ప్రతి స్క్రీను మూలా చిన్న చుక్క. సర్వరు బాగుంటే పచ్చగా, బాగోకపోతే ఎర్రగా ఉంటుంది. మొదట్లో అది వంద ఫైళ్ళున్న ఓ బుల్లి ఫోల్డరును నిమిషానికోసారి చూసి వచ్చేది. "మేం ఇక్కడ చస్తుంటే మీ చుక్క పచ్చగా ఉంటుందేంటి?" అని ఎవరో దెప్పారు. దాంతో రోషం వచ్చి, పోయిన వారం దాన్ని మార్చింది: ఇకనుంచి సర్వరంతా తిరిగి చూడు, ఒకవేళ ఎర్రబడితే నిమిషానికి కాదు, పది సెకన్లకోసారి చూడు. అది తిరగబోతే సర్వరు నెమ్మదించింది. నెమ్మదించగానే చుక్క ఎర్రబడింది. ఎర్రబడగానే ఇంకా ఎక్కువ తిరిగింది. ఒక చుట్టు పూర్తి కాకముందే ఇంకో చుట్టు, అదీ నలభై చోట్ల! కంచే చేను మేయడమంటే ఇదే. సంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికిన తల్లిని తలుచుకుని ఇన్నాళ్ళూ నవ్వింది కానీ, ఆ తల్లి తనేనని అనుకోలేదు.

మళ్ళీ నవ్వొచ్చింది, ఈసారి కళ్ళనీళ్ళతో. ఒక్క మీట నొక్కి నలభై నాడులనూ ఆపేసింది.

ఎనిమిది డిస్కులూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నాయి. హాల్లోంచి కేక, ఆ వెంటనే ఈలలు, బల్లలమీద దరువు. ఫోల్డర్లు టపటపా తెరుచుకుంటున్నాయి. డిస్కులమ్మ స్వెట్టరు విప్పి గాల్లోకి ఎగరేసింది. అది తిరిగి చేతిలో పడేలోపు స్క్రీను మీద ఒక సంగతి కంటబడింది.

ఒక కంప్యూటరు మాత్రం ఇంకా తీరిక లేకుండా ఉంది. అది పేర్లు అడగడం లేదు. 'తీసెయ్, తీసెయ్, తీసెయ్' అంటోంది. అది కత్తెరమ్మ గారిది.

మూడింటికి ఇంకా గంటన్నర ఉంది కదా! ఆవిడ పన్నెండింటికే మొదలుపెట్టేసిందన్నమాట. సర్వరు నత్తనడకలో ఉండగా ఆ కంప్యూటరు గంటన్నరసేపు ఎన్ని ఫైళ్ళున్నాయో లెక్కపెడుతూనే కూర్చుంది. ఇప్పుడు తను చేసిన వైద్యంతో దానికి రెక్కలొచ్చాయి.

డిస్కులమ్మ పరుగెత్తింది. చెప్పులు గదిలోనే ఉండిపోయాయి. నడవలో మలుపు దగ్గర ఎదురొచ్చిన సౌండాయన గోడకు అతుక్కుపోయాడు. అత్తగారి గది తలుపు తోసి, బల్ల కిందికి దూరి, కంప్యూటరు వెనకనుంచి నెట్‌వర్కు తీగ పీకేసింది.

స్క్రీను మీద పరుగెడుతున్న పేర్లు ఆగిపోయాయి.

"మూడింటిదాకా ఎందుకు ఆగలేదు అత్తయ్యా?" అంది బల్ల కిందనుంచే, రొప్పుతూ.

"నువ్వే చెప్పాక ఇక ఆగడమెందుకు?" అంది కత్తెరమ్మ. "డిస్కుల సంగతి నీకు తెలిసినట్టు నాకేం తెలుసు?"

ఆ నమ్మకం డిస్కులమ్మకు చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. మూడేళ్ళుగా ఈ మనిషి తన వంటను, తను ఆరేసిన బట్టలను, తను మూసిన తలుపును కూడా నమ్మలేదు. నమ్మక నమ్మక ఇవాళ, ఈ ఒక్క తప్పుమాటను నమ్మింది.

ఆమె బల్ల కిందనుంచి లేవకముందే గది నిండిపోయింది. ముందు డైరెక్టరుగారు, ఆయన వెనక హాలంతా.

"శభాష్! పాత కట్లు పోవడం మొదలవగానే సర్వరు ఎలా లేచిందో చూశారా! డిస్కులమ్మా, నువ్వు పొద్దున చెప్పిందే నిజం. మిగతావి కూడా కానిచ్చేయండి."

అందరూ చప్పట్లు కొట్టారు. కత్తెరమ్మ మొహం వాడిపోయి ఉన్నా, చప్పట్లు కోడలికని కాబోలు, తనూ రెండుసార్లు కొట్టింది.

నోరు మూసుకుంటే చాలు. ఇంత చక్కగా అతికిన అబద్ధాన్ని ఎవరూ విప్పరు. డిస్కులమ్మ చేతిలో తీగతోనే లేచి నిలబడింది.

"పాత కట్లు కాదండీ, నేను. నా చుక్క. మీ స్క్రీన్ల మీద పెట్టిన ఆ చుక్కే అయిదు రోజులుగా సర్వరును తినేసింది. దాన్నిప్పుడే ఆపాను, అందుకే లేచింది. అత్తయ్యగారి ముక్కల్లో తప్పేం లేదు. నాకు తెలియక అవి కావచ్చన్నాను."

కత్తెరమ్మ కళ్ళజోడు తీసి, చీర చెంగుతో చాలాసేపు తుడిచి, పెట్టుకుని, పేర్లు ఎక్కడ ఆగాయో చూడడానికి స్క్రీను దగ్గరికి వంగింది.

"మొదటి ఏడాదివి పోయాయి," అంది. "మిగతా పదేళ్ళూ ఉన్నాయి. ఈ సంగతి ఇంటికెళ్ళాక వేరే మాట్లాడతాను."

"మాట్లాడండి," అంది కోడలు. "పోయినవాటిలో ఏమున్నాయి అత్తయ్యా?"

"బాతు," అంది కత్తెరమ్మ. "దానికి నీళ్ళంటే భయం. దిగాలా వద్దా అని పద్నాలుగు రకాలుగా తటపటాయిస్తుంది. సినిమాలో ఒకటే పెట్టాం. మిగతా పదమూడూ దానికన్నా బాగుండేవి."

అలా అని ఊరుకుందా! కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. అరవై దాటిన ఎడిటరుగారు, గట్టిగా నవ్వగా ఎవరూ ఎరగని మనిషి, భుజాలు చెవుల దాకా ఎత్తి, మోచేతులు రెక్కల్లా మడిచి, ఒక కాలు ముందుకు చాపి, నీళ్ళు తగిలినట్టు చటుక్కున వెనక్కి తీసుకుంది. మెడ మాత్రం ముందుకే ఉండిపోయింది. డైరెక్టరుగారి నవ్వు కిటికీ అద్దాలను తాకింది. డిస్కులమ్మ నవ్వుతూ ఏడుస్తూ నేలమీద చతికిలబడింది.

"ఇది మూడోది," అంది కత్తెరమ్మ ఆయాసపడుతూ. "నాలుగోది తోకతో. జరగండి, చోటివ్వండి."

బొమ్మలు గీసేవాళ్ళు అప్పటికే కాగితాలు తీసి, ఆవిడ మెడ ఏ వంపు తిరుగుతోందో గీసుకుంటున్నారు.